నెల చందా లేకుండా పాత తెలుగు సినిమాలు: వైజాగ్‌లో ఏం దొరుకుతుంది, ఎలా చూడాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీరుండేది మర్రిపాలెంలో. నాన్నగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. కొత్త సినిమాల వేగం ఆయనకు పట్టదు, నాగయ్య గారో సావిత్రి గారో ఎస్వీ రంగారావు గారో తెర మీదికొస్తే మాత్రం కుర్చీలోంచి లేవరు. బిల్లు పెరుగుతోందని కేబుల్ తీసేశారు. అమెరికాలో మీ చెల్లెలి ఇంట్లో కిటికీకి చిన్న యాంటెన్నా తగిలిస్తే పాత సినిమాల ఛానల్ పైసా ఖర్చు లేకుండా వస్తోందట. మన దగ్గర అలాంటిది ఎందుకు రాదు, ఉన్నంతలో ఏం చేయాలి అని మీ ప్రశ్న. ఈ ఊళ్లో కేబుల్ కంట్రోల్ రూముల్లోనూ డాబాల మీదా ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నాను. పాత సినిమా అంటే నాకూ ప్రాణం. కనుక కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటి జవాబు. ఇరవై నాలుగు గంటలూ పాత తెలుగు సినిమాలే వేసే ఉచిత ఛానల్, నేనిది రాసేనాటికి, మనకు లేదు. దూరదర్శన్ వారి ఉచిత డిష్ సేవ డీడీ ఫ్రీ డిష్ పెట్టించుకుంటే నెల చందా లేకుండా దూరదర్శన్ తెలుగు ఛానళ్లు సప్తగిరి, యాదగిరి వస్తాయి, వాటిలో సినిమాలూ వస్తాయి, కానీ అవి సినిమా ఛానళ్లు కావు. పాత సినిమాలు తరచుగా వేసే ఈటీవీ సినిమా, జెమినీ లైఫ్ లాంటివి డబ్బు కట్టే లెక్కలోవి. అయినా ఫ్రీ డిష్, ఇంట్లో ఉన్న ఇంటర్నెట్టు, ఒక పెన్ డ్రైవ్ ఈ మూడూ కలుపుకుంటే నాన్నగారికి రోజుకో మంచి సినిమా చూపించవచ్చు. అది వచ్చాక టీవీలో ఎలా కనిపించాలన్నది ఇంకా ముఖ్యం. చాలా ఇళ్లలో పాత సినిమా పాడైపోయేది అక్కడే. దాని సంగతి కింద విడిగా రాశాను.

మీ చెల్లెలి ఇంట్లో వచ్చేది మూవీస్ అనే ఛానలో, అలాంటి మరొకటో అయ్యుంటుంది. మూవీస్‌ను 2013లో ఫాక్స్ వారి టీవీ స్టేషన్లు, షికాగోకు చెందిన వైగెల్ సంస్థ కలిసి మొదలుపెట్టాయి. అందరూ చెప్పుకునే టర్నర్ క్లాసిక్ మూవీస్ వేరు. అది 1994 నుంచి ఉంది కానీ కేబుల్‌కు డబ్బు కడితేనే వస్తుంది. ఉచిత ఛానళ్లు అక్కడ పుట్టడానికి కారణం ఒక సాంకేతిక మార్పు. 2009 జూన్ 12న అమెరికాలోని పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసి డిజిటల్‌కు మారాయి. ఒక్కో స్టేషన్‌కు ఇచ్చిన 6 మెగాహెర్ట్జ్ జాగాలో అంతకుముందు ఒక్క ఛానలే పట్టేది. డిజిటల్ అయ్యాక అదే జాగాలో సెకనుకు దాదాపు 19 మెగాబిట్ల సమాచారం పడుతోంది. ఒక హెచ్‌డీ ఛానల్ పోను మిగిలిన చోట మరికొన్ని మామూలు ఛానళ్లు పడతాయి. టవరూ లైసెన్సూ ముందే ఉన్నాయి. స్టూడియోల గోదాముల్లో పాత సినిమాలు వేలకొద్దీ ఉన్నాయి. వాటిని చూసే పెద్దవాళ్ల కోసం మందుల కంపెనీలు, బీమా కంపెనీలు ప్రకటనలిస్తాయి. రాబడి చిన్నదే అయినా ఖర్చు ఇంకా చిన్నది, అందుకని ఛానల్ నిలబడుతోంది. బ్రిటన్‌లో టాకింగ్ పిక్చర్స్ టీవీ అని ఇంకొకటుంది. 2015లో ఒక తండ్రీ కూతురూ మొదలుపెట్టి పాత బ్రిటిష్ సినిమాలతో నడిపిస్తున్నారు, అదీ ఉచితమే. ఒక కుటుంబం పూనుకుంటే జరిగే పని అది.

ఇక మన దగ్గరికి వద్దాం. టవర్ నుంచి ఇంటి యాంటెన్నాకు టీవీ ప్రసారం చేసే అధికారం మన దేశంలో ఎప్పుడూ దూరదర్శన్‌ ఒక్కదానికే ఉంది. ప్రైవేటు ఛానళ్లకు ఆ దారి తెరవలేదు. దూరదర్శన్ 2016లో 16 నగరాల్లో డిజిటల్ టవర్ ప్రసారాలు మొదలుపెట్టింది కానీ ఆ జాబితాలో వైజాగ్ లేదు. ఇక అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను 2022 మార్చి నాటికి, సరిహద్దుల్లాంటి చోట్ల కొన్ని తప్ప, ఆపేశారు. మీ డాబా మీద పాత అల్యూమినియం యాంటెన్నా ఇంకా నిలబడి ఉంటే దానివల్ల ఇప్పుడు ఉపయోగం లేదు. ఎవరైనా కొత్త యాంటెన్నా అంటగడతానంటే కొనకండి. మనకు ఉచిత టీవీ అంటే ఉపగ్రహం నుంచి డిష్‌కు రావాల్సిందే.

ఆ ఉచిత డిష్ సేవ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో 33 ఛానళ్లతో మొదలైంది. ఇప్పుడు దాన్నే డీడీ ఫ్రీ డిష్ అంటున్నారు. ఇందులో ప్రైవేటు ఛానల్ చేరాలంటే దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి పెట్టే వేలంలో స్లాటు, అంటే ఛానల్‌కు చోటు, కొనుక్కోవాలి. సినిమా ఛానళ్ల స్లాట్లు కోట్ల రూపాయల్లో పలుకుతాయి. అంత పోసినవాళ్లు ఆ డబ్బును ప్రకటనల మీదే రాబట్టుకోవాలి, ఎందుకంటే చూసేవాళ్ల నుంచి చందా రాదు. ఫ్రీ డిష్ ఇళ్లలో అత్యధికం హిందీ రాష్ట్రాల్లో ఉన్నాయి. మన వైపు మొదటినుంచీ కేబులూ చందా డీటీహెచ్‌లే పాతుకుపోయాయి. కాబట్టి స్లాటు కొన్నవాళ్లు హిందీ సినిమాలు తెస్తారు. మీరు ఫ్రీ డిష్ పెట్టించగానే వరుసగా హిందీ సినిమా ఛానళ్లే కనిపించడానికి కారణం ఇదే. మన తెలుగు హీరోల సినిమాలు కూడా వాటిలో హిందీలో మాట్లాడుతూ కనిపిస్తాయి.

ఇంకో వైపు నుంచి చూస్తే, పాత తెలుగు సినిమాల హక్కులు పెద్ద ఛానళ్ల దగ్గరే ఉన్నాయి. 1995లో జెమినీ, ఈటీవీ మొదలయ్యాక చాలామంది నిర్మాతలు, వాళ్ల వారసులు శాటిలైట్ హక్కుల్ని గంపగుత్తగా అమ్ముకున్నారు. బ్లాక్ అండ్ వైట్ సినిమాకు ముందుముందు విలువ ఉంటుందని అప్పట్లో అనుకున్నవాళ్లు తక్కువ. ఆ సినిమాలే ఇప్పుడు చందా ఛానళ్లలో పొద్దున్నా మధ్యాహ్నం వస్తున్నాయి. చందా వస్తున్న సరుకును వాళ్లు ఉచితంగా ఎందుకిస్తారు?

చూసేవాళ్లు లేరన్న మాట మాత్రం నేను ఒప్పుకోను. తొంభైల్లో కేబుల్ వీడియో ఛానల్లో మధ్యాహ్నం పూట పాత సినిమా పడేది. మధ్యలో కరెంటు పోయి సినిమా ఆగిందంటే కంచరపాలెం నుంచి పూర్ణా మార్కెట్ దాకా ఆడవాళ్ల ఫోన్లు వచ్చేవి, ఆగినచోటి నుంచే మళ్లీ వేయమని. ఇప్పటికీ నేను డిష్ బిగించడానికి వెళ్లే ఇళ్లలో, పెద్దవాళ్లుంటే మొదట అడిగేది పాత సినిమాలు ఎందులో వస్తాయనే. ఈ పని చేయాల్సింది దూరదర్శన్. వాళ్లు వేలంలో స్లాటు కొనుక్కోనక్కర్లేదు. 2020 లాక్‌డౌన్ సమయంలో పాత సీరియళ్ల కోసం డీడీ రెట్రో అనే ఛానల్‌ను చూస్తుండగానే మొదలుపెట్టారు. అలాంటిది తెలుగు సినిమాలకు కాకపోయినా, విజయవాడ నుంచి నడిచే సప్తగిరిలో రోజూ ఒకే వేళకు ఒక పాత సినిమా, ముందురోజే పేరు చెప్పి, పాటలు కోయకుండా వేస్తే చాలు. శుక్రవారం చిత్రలహరి కోసం వీధంతా ఒక ఇంట్లో చేరిన తరం ఇంకా మన మధ్య ఉంది.

సరే, ఇప్పుడు మీ డాబా సంగతి. డిష్, బాక్సు, వైరు, బిగింపు కూలీ కలిపి రెండు వేల రూపాయల చుట్టూ అవుతుంది, అది ఒక్కసారే. పాత డీటీహెచ్ డిష్ డాబా మీద పడి ఉంటే, రేకు వంగకపోతే, దాన్నే వాడుకోవచ్చు. ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) మాత్రం యూనివర్సల్‌ది ఉండాలి. బాక్సు కొనేటప్పుడు ఎంపెగ్ 4 ది అడిగి తీసుకోండి. పాత ఎంపెగ్ 2 బాక్సులు చవగ్గా అంటగడతారు, వాటిలో కొన్ని ఛానళ్లు అసలు కనిపించవు. యూఎస్‌బీ రికార్డింగ్ ఉన్నదైతే ఇంకా మంచిది, ఎందుకో తరువాత చెప్తాను.

ఫ్రీ డిష్ వచ్చేది జీశాట్ 15 ఉపగ్రహం నుంచి. అది 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది. మన ఊరు 83.2 దగ్గర ఉంది కనుక డిష్ దక్షిణం నుంచి తూర్పు వైపు దాదాపు 31 డిగ్రీలు తిరగాలి, దిక్సూచిలో 149. అంటే చాలావరకు సముద్రం వైపే. ఎత్తు 66 డిగ్రీలు. ఇంత నిటారుగా చూస్తుంది కాబట్టి పక్కింటి అపార్ట్‌మెంట్ లేచిందని భయపడనక్కర్లేదు, నెత్తి మీదికి వచ్చిన కొబ్బరి మట్ట ఉంటేనే ఇబ్బంది. చాలామంది వదిలేసేది ఎల్‌ఎన్‌బీ తిప్పడం. మన దగ్గర దాన్ని నిటారుగా బిగిస్తే సరిపోదు, సుమారు 30 డిగ్రీలు ఒరగాలి. బిగించే అబ్బాయి దగ్గరుండి, దాన్ని మెల్లగా అటూ ఇటూ తిప్పమని చెప్పి, తెర మీద క్వాలిటీ ఎక్కువ చూపించిన చోట బిగింపించండి. స్ట్రెంగ్త్ అనే గీత నిండిందని ఊరుకోకండి, చూడాల్సింది క్వాలిటీ గీత. ఎండ రోజున అది అంచుల్లో ఉంటే అల్పపీడనం పట్టిన మొదటి రోజే బొమ్మ పోతుంది.

వైజాగ్‌లో డిష్‌కు అసలు శత్రువు ఉప్పుగాలి. వైరు చివర ఉండే కనెక్టర్‌లో రాగి తీగకు చిలుం పడుతుంది, బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది. జనం బాక్సు పాడైందనుకుని కొత్తది కొంటారు. కనెక్టర్ కొత్తది వేసి, దాని మీద రబ్బరు టేపు గట్టిగా చుట్టి, ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరును ఒక వంపు కిందికి వదిలి కట్టండి, నీళ్లు జారి పడిపోతాయి. బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేయించండి. డిష్ కాలును పిట్టగోడకు రెండు మేకులతో కాకుండా నాలుగు యాంకర్ బోల్టులతో బిగించాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో ఎన్ని డిష్‌లు ఎగిరిపోయాయో చూసినవాళ్లెవరూ ఈ మాట తేలిగ్గా తీసుకోరు.

ఇంకొకటి ముందే తెలిసి ఉంటే కంగారు పడరు. ఏడాదిలో రెండుసార్లు, మార్చి మధ్యలోనూ అక్టోబరు మొదట్లోనూ, కొన్ని రోజులపాటు ఉదయం 11 గంటల ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వచ్చి, ఆ వేడి రొద డిష్‌లో నిండిపోవడమే కారణం. దానంతట అదే సర్దుకుంటుంది.

కేబుల్ మళ్లీ పెట్టించుకుంటే ఎలా ఉంటుందని కూడా అడిగారు. ఉచిత ఛానళ్లకు ధర లేకపోయినా, కనెక్షన్‌కు నెట్‌వర్క్ ఛార్జీ అని నెలనెలా కట్టాలి. దాని మీద ఈటీవీ సినిమా, జెమినీ లైఫ్ లాంటివి విడిగా ఎంచుకోవచ్చు, పెద్ద ప్యాకేజీ తీసుకోవాలన్న నిబంధన లేదు. 2019 నుంచి ఒక్కో ఛానల్ విడిగా కొనుక్కునే హక్కు మనకుంది. కేబులాయన లేదన్నా పట్టుబట్టండి. నాన్నగారికి రిమోట్‌లో ఒకే నంబరు నొక్కితే సినిమా రావడం ముఖ్యమనుకుంటే ఈ ఖర్చు దండగ కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు టీవీ సెట్టింగుల గురించి. ఇది శ్రద్ధగా చదవండి.

తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం 1974లో వచ్చిన అల్లూరి సీతారామరాజు. అంతకుముందు వచ్చిన మన సినిమాల తెర దాదాపు చదరంగా ఉండేది, ఎత్తు ఒకటైతే వెడల్పు 1.37. ఇప్పటి టీవీలో ఎత్తు ఒకటైతే వెడల్పు 1.78. కనుక ఒక 1962 సినిమా సరిగ్గా కనిపిస్తోందంటే, తెరకు అటూ ఇటూ నల్లటి పట్టీలు ఉండి తీరాలి. బొమ్మ తెరలో 77 శాతమే పడుతుంది. ఆ నల్ల పట్టీలు చూసి ఎవరో ఒకరు రిమోట్ తీసుకుని జూమ్ నొక్కుతారు. తెర నిండుతుంది, కానీ పైనా కిందా కలిపి బొమ్మలో దాదాపు పావు వంతు పోతుంది. పౌరాణికాల్లో కిరీటం సగానికి తెగుతుంది. నాట్యంలో పాదాలు కనబడవు, గజ్జెల చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఆ రోజుల్లో ఛాయాగ్రాహకులు మనిషిని తల నుంచి కాలి దాకా చూపిస్తూ, పైన కొంత ఆకాశమో మండపమో వదిలి కూర్పు చేసేవారు. అదంతా ఒక్క బటన్‌తో పోతుంది. జూమ్ కాకుండా సాగదీసే సెట్టింగు ఇంకోటి ఉంటుంది, దాంతో సావిత్రి గారి ముఖం 30 శాతం వెడల్పవుతుంది. ఆమె ముఖం మీద అంత అన్యాయం ఎవరికీ చేయబుద్ధి కాదు, కానీ చేస్తున్నామని తెలియక చేస్తారు. పిక్చర్ సైజు అన్నచోట 4:3 గానీ ఒరిజినల్ గానీ పెట్టి వదిలేయండి. బాక్సులో ఒక సెట్టింగు, టీవీలో ఒక సెట్టింగు వేర్వేరుగా ఉంటాయి, రెండూ చూడాలి. ఛానల్ వాళ్లే కోసి పంపిస్తే మాత్రం మన చేతిలో ఏమీ లేదు.

మాయాబజార్ సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే దానికి రెండు రూపాలు తిరుగుతున్నాయి. 1957లో మార్కస్ బార్ట్లే గారు తీసింది బ్లాక్ అండ్ వైట్‌లో, చదరపు తెరకు. 2010లో రంగులద్ది, శబ్దం కొత్తగా చేసి, వెడల్పు తెరకు మార్చి మళ్లీ విడుదల చేశారు. రంగులు వేసినవాళ్ల శ్రమ మీద నాకు గౌరవం ఉంది, పిల్లల్ని కూర్చోబెట్టడానికి అది పనికొస్తుంది. కానీ వెడల్పు తెరకు మార్చడమంటే పైనా కిందా బొమ్మ వదులుకోవడమే. నాన్నగారికి పాతదే చూపించండి. వెన్నెలను నలుపు తెలుపుల్లో బార్ట్లే గారు సృష్టించిన తీరు రంగుల్లో లేదు.

బ్లాక్ అండ్ వైట్ కోసం ఇంకో మూడు మాటలు. టీవీ కొన్నప్పుడు పిక్చర్ మోడ్ వివిడ్ అనో డైనమిక్ అనో ఉంటుంది, దాంట్లో తెలుపు నీలంగా కొడుతుంది. సినిమా మోడ్ గానీ, కలర్ టెంపరేచర్ వార్మ్ గానీ పెట్టండి. పాత ప్రింటు నుంచి ఎక్కించిన వాటిలో ఆకుపచ్చ, ఊదా మరకలు కనిపిస్తే, ఆ సినిమా వరకు కలర్ సున్నాకు దించేయండి, మరకలు మాయమైపోతాయి. మోషన్ స్మూతింగ్, నాయిస్ రిడక్షన్ అనేవి రెండూ ఆపేయండి. మొదటిది బొమ్మల మధ్య లేని బొమ్మలు చేర్చి కదలికను మార్చేస్తుంది, రెండోది ఫిల్ము మీది సన్నటి రవ్వను చెత్త అనుకుని తుడిచేస్తుంది, ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి.

నాన్నగారు ఘంటసాల గారి పాట వింటూ, గొంతు కాస్త పీలగా ఉందని ఎప్పుడైనా అంటే ఆయన చెవిని తప్పు పట్టకండి. సినిమా రీలు సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. మన టీవీ మొదటినుంచీ సెకనుకు 25. రీలును వీడియోలోకి ఎక్కించేటప్పుడు తేలిక దారి ఏమిటంటే 24ను 25 చేసి కాస్త వేగంగా నడిపించేయడం. అలా ఎక్కించిన మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది, శ్రుతి కూడా పెరుగుతుంది. ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నర దగ్గరిదాకా జరుగుతుంది. విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఆయన గాత్రాన్ని రేడియోలో విని పెరిగిన చెవికి ఆ తేడా తెలుస్తుంది. మంచి ఎక్కింపుల్లో శ్రుతిని మళ్లీ సరిచేస్తారు. ఒకే సినిమా రెండు చోట్ల దొరికితే, నిడివి ఎక్కువున్నది తీసుకోండి. పాటలు కోయనిదీ, వేగం పెంచనిదీ అదే అవుతుంది చాలాసార్లు.

శబ్దం విషయానికొస్తే, అప్పటి సినిమాలన్నీ మోనో. టీవీలో సరౌండ్ ఆపేసి, మాటలు తేటగా వినిపించే స్పీచ్ లేదా న్యూస్ మోడ్ పెట్టండి. పెద్దవాళ్ల చెవికి సౌండ్ పెంచడం కన్నా ఇది ఎక్కువ పనిచేస్తుంది. మీ ఇంట్లోనూ పక్కింట్లోనూ గొడవ తగ్గుతుంది.

ప్రతి పది పదకొండు నిమిషాలకొకసారి గీతలు ఎక్కువై బొమ్మ ఎగిరిపడుతుందేం అని కూడా రాశారు. వెయ్యి అడుగుల రీలు 11 నిమిషాలు నడుస్తుంది. థియేటర్‌లో ఒక మిషన్ మీంచి ఇంకో మిషన్ మీదికి మార్చేటప్పుడు చేతులు పడేది, తెగి అతుకు వేసేది రీలు మొదట్లో, చివర్లో. అందుకే అరుగుదల అంతా ఆ చివర్ల దగ్గర పేరుకుంటుంది. జూమ్ చేయకుండా చూస్తే రీలు అయిపోయే ముందు కుడివైపు పై మూలన ఒక చుక్క మెరిసి పోతుంది, ఆపరేటర్‌కు అది సంకేతం. నాన్నగారికి చూపించండి, జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల థియేటర్లలో చూసిన రోజులు చెప్పుకొస్తారు.

మంచి ప్రింట్లు ఎందుకు లేవంటే దాని వెనక పెద్ద నష్టం ఉంది. 1950ల మొదటి వరకు వాడిన నైట్రేట్ ఫిల్ము తేలిగ్గా అంటుకునేది, నిలవ ఉంటే జిగురు కట్టి పొడి అయిపోయేది. వెండి కోసం కరిగించినవి ఎన్నో. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ఇవాళ చూద్దామన్నా దొరకదు. పుణెలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964లో గానీ మొదలుకాలేదు. 2003 జనవరిలో అక్కడి నైట్రేట్ గోదాములో మంటలు లేచి మరెన్నో పోయాయి. చట్టం ప్రకారం సినిమాకు కాపీరైటు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. అంటే 1957 సినిమా గడువు 2017తో ముగిసింది. అందులోని పాటల రచనకూ సంగీతానికీ లెక్క వేరే, అది రాసినవారి మరణం తరువాత 60 ఏళ్లు. హక్కు తీరినంత మాత్రాన మంచి ప్రింటు ఊరికే రాదు. అది ఎవరి గోదాములో ఉంటే వాళ్లు తలుపు తీయాలి, ఒక్కో ఫ్రేమూ కడిగి స్కాన్ చేయడానికి ఎవరో ఒకరు డబ్బు పెట్టాలి. 2024 సెప్టెంబరులో అక్కినేని శతజయంతికి ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్, జాతీయ ఆర్కైవ్ కలిసి దేవదాసు, మిస్సమ్మ వంటివి దేశంలో చాలా ఊళ్ల థియేటర్లలో వేశాయి. థియేటర్ తెరకు తగ్గ ప్రతులు ఉన్నప్పుడు అవే టీవీకి రావడం అసాధ్యం కాదు.

ఈలోపు మీరు చేయగలిగింది ఇది. ఇంట్లో వైఫై ఉంటే ప్రసార భారతి వారి వేవ్స్ యాప్‌ను టీవీలో వేసుకోండి. 2024 నవంబరులో వచ్చింది, అందులో దూరదర్శన్ ఛానళ్లు డిష్ లేకుండానే వస్తాయి. వాన పడి డిష్ బొమ్మ పోయిన రోజున పనికొస్తుంది. యూట్యూబులో నిర్మాణ సంస్థలు, వీడియో హక్కులున్న కంపెనీలు సొంతంగా పెట్టిన పూర్తి సినిమాలు వందలకొద్దీ ఉన్నాయి. ఎవరో దొంగతనంగా ఎక్కించిన వాటిలో పట్టుబడకుండా ఉండటానికి బొమ్మను కుదించి, తిప్పి, వేగం పెంచి పెడతారు, వాటి జోలికి పోకండి. వరుసగా ఒక పది సినిమాలు ప్లేలిస్టులో పెట్టి ఉంచితే నాన్నగారు మీరు ఆఫీసుకు వెళ్లాక కూడా ఒక్క బటన్‌తో చూసుకోగలరు. వైజాగ్ మనిషి కాబట్టి ఆ జాబితాలో 1978లో వచ్చిన మరోచరిత్ర పెట్టండి. ఇక్కడా భీమిలిలోనూ తీసిన బ్లాక్ అండ్ వైట్ సినిమా అది, అప్పటి మన తీరం ఎలా ఉండేదో ఆయన గుర్తుపడతారు.

బాక్సులో రికార్డింగ్ ఉండాలన్నది ఇందుకే. సప్తగిరిలోనో యాదగిరిలోనో మంచి సినిమా వేళ కాని వేళలో పడితే, 64 జీబీ పెన్ డ్రైవ్ పెట్టి టైమర్ వేయండి, మర్నాడు మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన తీరిగ్గా చూస్తారు. ప్రకటనలు వచ్చినప్పుడు ముందుకు తిప్పుకోవచ్చు. కొన్ని బాక్సులు పెన్ డ్రైవ్‌ను తమ పద్ధతిలో ఫార్మాట్ చేయమంటాయి, అందులో ఫోటోల్లాంటివి ఉంటే ముందే వేరేచోట దాచుకోండి.

సప్తగిరికి ఉత్తరం రాయదలిస్తే, పాత సినిమాలు వేయండి అని ఊరికే రాయకండి. ఏ వేళకు కావాలో, పూర్తి నిడివిలో కోయకుండా కావాలని, మీ ఇంట్లో ఫ్రీ డిష్‌లోనే చూస్తున్నామని రాయండి. మీ కాలనీ పెద్దవాళ్లతో సంతకాలు పెట్టించండి. ప్రసార సమయం నిర్ణయించేవాళ్లకు అలాంటి కాగితం చేతిలో ఉంటే పైవాళ్లతో మాట్లాడటం తేలికవుతుంది.

మీ టీవీ ఏ కంపెనీదో, మోడల్ నంబరేమిటో, పాత డిష్ ఉంటే దాని ఫోటో కూడా పెట్టండి. పిక్చర్ సైజు ఏ మెనూలో ఉందో, ఆ డిష్ పనికొస్తుందో లేదో చెప్తాను.